నలభై దాటాక సైకిలు



సైకిలు నేర్చుకోవడం అనగానే మనందరి కళ్ల ముందూ ఒకటే బొమ్మ కదులుతుంది. వేసవి సెలవులు, అద్దె షాపు, గంట లెక్కన తెచ్చిన చిన్న సైకిలు, చెక్కుకుపోయిన మోకాళ్లు, వెనకాల పరిగెత్తుకొస్తున్న అన్నయ్యో మావయ్యో. ఆ వయసులో ఆ సైకిలు దొరకనివాళ్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. వాళ్లేమీ తక్కువమంది కారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ పల్లెకైనా వెళ్లి, నలభై దాటిన ఆడవాళ్లు నలుగురు కూర్చున్న చోట "సైకిలు ఎవరికి వచ్చు?" అని అడిగి చూడండి. ముందు నవ్వుతారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మగవాళ్లలోనూ రానివాళ్లున్నారు గానీ వాళ్లు బయటపడరు. ఆటోలూ, తమ్ముళ్ల బళ్ల వెనక సీట్లూ వాళ్ల గుట్టు కాపాడుకుంటూ వస్తున్నాయి.

ఈ పూట నా మాటలు వాళ్ల కోసం. పెద్దయ్యాక సైకిలు వస్తుందా, వస్తే ఎలా వస్తుంది, వచ్చాక ఏం చేసుకుంటాం, ఇదీ విషయం. ఇప్పటికే వచ్చినవాళ్లు కూడా రేడియో కట్టేయకండి. నేర్పాల్సింది మీరే కదా.

పిల్లప్పుడు నేర్చుకోకపోతే ఇక రాదు, ఒళ్లు మాట వినదు అనేది మన దగ్గర గట్టిగా నాటుకుపోయిన నమ్మకం. సైకిలు పుట్టిన దేశాల్లో ఈ మాట ఎవరూ అనలేదు. అనడానికి వీల్లేదు, ఎందుకంటే అక్కడ మొట్టమొదట నేర్చుకున్నవాళ్లంతా పెద్దవాళ్లే. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫన్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల చెక్క బండి ఒకటి తయారు చేశాడు. దానికి పెడళ్లు లేవు, చైను లేదు. మధ్యలో కూర్చుని రెండు కాళ్లతో నేలని తన్నుకుంటూ పోవడమే. పెడళ్లు 1860లలో పారిస్‌లో వచ్చాయి. రెండు చక్రాలూ సమానంగా ఉండి, చైనుతో వెనక చక్రం తిరిగే సైకిలు, అంటే ఇప్పుడు మన వీధిలో తిరిగే సైకిలుకి ముత్తాత, 1885లో ఇంగ్లండులో బజారుకొచ్చింది. గాలి టైరు 1888లో. అప్పట్లో సైకిలంటే బాగా డబ్బున్నవాళ్ల వస్తువు. కోట్లు, టోపీలు వేసుకున్న పెద్దమనుషులకి సైకిలు నేర్పడానికి ఆ నగరాల్లో ప్రత్యేకంగా బడులే నడిచాయి. జీతమిచ్చి మేష్టార్లని పెట్టుకుని మరీ పడ్డారు.

రష్యాలో టాల్‌స్టాయ్ సైకిలు నేర్చుకున్నది 1895లో, తన అరవై ఏడో ఏట. ఆ ఏడాది మొదట్లోనే ఏడేళ్లు నిండని చిన్న కొడుకు పోయాడు. యుద్ధము-శాంతి రాసిన మనిషి, దేశదేశాల నుంచి జనం వచ్చి దర్శనం చేసుకునే మనిషి, మాస్కోలో అందరూ చూస్తుండగా తప్పటడుగులు వేశాడు. అదే రోజుల్లో అమెరికాలో మద్యపానం మీద పెద్ద ఉద్యమం నడిపిన ఫ్రాన్సెస్ విల్లార్డ్ అనే ఆవిడ 53 ఏళ్ల వయసులో నేర్చుకుంది. తన సైకిలుకి గ్లాడిస్ అని పేరు పెట్టుకుని, నేర్చుకున్న వైనమంతా 1895లో చిన్న పుస్తకంగా వేసింది. కాబట్టి వయసు సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

మన వైపు కూడా సైకిలు వచ్చింది పెద్దవాళ్ల బండిగానే. బడి మేష్టార్లు, పోస్టుమేన్లు, పాలు పోసేవాళ్లు, బట్టల మూట వెనక కట్టుకుని ఊరూరూ తిరిగేవాళ్లు, నెల్లిమర్ల జూట్ మిల్లులో షిఫ్టు దిగి ఇళ్లకి పోయే కార్మికులు. ఎత్తుగా, నల్లగా, బరువుగా ఉండే బండి. హెర్క్యులిస్సో, రాలీయో, అట్లాసో, హీరోనో. మునిసిపాలిటీకో పంచాయతీకో పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాలి. రాత్రిపూట లైటు లేకుండా వెళ్తే పోలీసు ఆపేవాడు, ఇద్దరు ఎక్కినా ఆపేవాడు. ఇక పెళ్లిళ్లు. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో. ఈ మూడూ వస్తేగానీ భోజనానికి లేవనని అలిగిన పెళ్లికొడుకుల కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఆ జాబితాలో రేడియో కూడా ఉంది కాబట్టి ఈ మైకు ముందు కూర్చుని నేను ఎక్కువ మాట్లాడకూడదు.

కానీ ఆ సైకిలు లెక్క ఒకసారి చూడండి. డబ్బు పెట్టింది పెళ్లికూతురి తండ్రి. తొక్కింది అల్లుడు. ఆ అమ్మాయి వెనక కేరియరు మీద, కాళ్లు రెండూ ఒకవైపుకి వేసుకుని, ఒళ్లో పిల్లని పెట్టుకుని, ఒక చేత్తో సీటు కింద స్ప్రింగు పట్టుకుని కూర్చుంది. ఇరవై ఏళ్లు, ముప్ఫై ఏళ్లు అలాగే కూర్చుంది. బరువు ఎటు వాలితే బండి ఎటు లాగుతుందో, గుంత వచ్చినప్పుడు ఒళ్లు ఎలా తేల్చుకోవాలో ఆవిడకి తొక్కేవాడికంటే బాగా తెలుసు. హ్యాండిలు ఒక్కటే చేతికి రాలేదు. రాకపోవడానికి కారణం భయం అని మనం చెప్పుకుంటాం. ఇంట్లో ఉన్న ఒక్క సైకిలూ పొద్దున్నే మగవాడితో బయటికి వెళ్లి చీకటి పడ్డాక ఇంటికొచ్చేది, ఇదీ అసలు కారణం. పైగా సీటు నుంచి హ్యాండిలు దాకా అడ్డంగా ఆ కమ్మీ. చీర కట్టుకుని దాన్ని దాటి ఎక్కడం మామూలు విషయం కాదు.

ఇప్పుడు ఆ రెండు ఇబ్బందులూ తీరాయి. 2017 ప్రాంతాల బడికొస్తా అనే పథకం కింద ప్రభుత్వ హైస్కూళ్లలో చదివే ఆడపిల్లలకి సైకిళ్లు ఇచ్చారు, గుర్తుందా? ఈ ఆలోచనకి పేరు తెచ్చింది బీహారు. అక్కడ 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిలు ఇవ్వడం మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తర్వాత లెక్కలు తీస్తే, ఆ వయసుకి హైస్కూల్లో ఉండే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగిందని తేలింది. బడి దూరంగా ఉన్న ఊళ్లలోనే ఆ పెరుగుదల ఎక్కువ.

మన పల్లెల్లో ఆ సైకిలు ఎక్కి బడికెళ్లిన పిల్లలు తర్వాత ఇంటరుకి వెళ్లారు, డిగ్రీకి వెళ్లారు, విశాఖపట్నంలో ఉద్యోగాలకి, అత్తారిళ్లకి వెళ్లిపోయారు. సైకిలు ఇంకా పెరట్లోనే ఉంది. టైర్లు నేలకి అతుక్కుపోయి, చైను ఎర్రగా తుప్పు పట్టి, ముందు బుట్టలో కొబ్బరి పీచు నింపుకుని, గోడకి చేరబడి ఉంది. పాత సామాన్లవాడు వచ్చినప్పుడల్లా దానికేసి చూస్తాడు. ఇవ్వకండి. అది ఆడవాళ్ల సైకిలు, అడ్డ కమ్మీ లేదు, ఎత్తు తక్కువ. నేర్చుకోవడానికి అంతకంటే అనువైన బండి బజార్లో కూడా దొరకదు. దగ్గర్లో సైకిలు షాపుకి నడిపించుకెళ్లి ఓవరాయిలింగ్ చేయించండి. ట్యూబులు కుళ్లిపోయి ఉంటే మార్చమనండి. బ్రేకు కట్టలు మార్చమనండి, అక్కడ మాత్రం పిసినారితనం పనికిరాదు. రిమ్ము వంకర ఉంటే బెండు తీయిస్తే చాలు.

ఈ మధ్య ఒక హైస్కూలు ఆటస్థలంలో అలాంటి సైకిలునే చూశాను. పొద్దున్నే, ఇంకా పిల్లలు రాకముందు. డిగ్రీ చదివే కూతురు, నలభై అయిదేళ్ల తల్లి. తల్లి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని సీటు మీద కూర్చుని, రెండు కాళ్లతో నేలని తోసుకుంటూ గ్రౌండు ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్తోంది. సైకిలుకి పెడళ్లు లేవు.

"కిందకి సూడకే అమ్మా! ఎదర సూడు, ఎదర!"

"ఎదర సూత్తే కాళ్లు కనపడవు కదే గుంటా!"

"కాళ్లు నీయే కదా, ఏటి సూడ్డం?"

అటుగా టీకొట్టుకి పోతున్న ఒక ముసలాయన ఆగిపోయాడు. కాసేపు చూశాడు. "ఏటమ్మా, పెడళ్లు ఎవులట్టుకుపోనారు?" అన్నాడు.

"మా గుంట దాసీసింది మావా! కుదురుగా కూకుంటే ఇత్తాదట," అంది ఆవిడ, కాళ్లు ఆపకుండానే.

ఆ పిల్లకి ఈ కిటుకు ఎవరు చెప్పారో గానీ, పెద్దవాళ్లకి సైకిలు నేర్పడానికి నాకు తెలిసి ఇంతకు మించిన పద్ధతి లేదు. కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ఇళ్లలో ఇప్పటికీ వెనక సీటు పట్టుకుని పరిగెత్తే పాత పద్ధతే నడుస్తోంది. పదేళ్ల పిల్లాడి వెనకాల పరిగెత్తవచ్చు. అరవై కిలోల మనిషి వెనకాల ఎవరు పరిగెత్తుతారు? పరిగెత్తినా ఉపయోగం లేదు. వెనక పట్టుకున్నవాడు సైకిలుని వాలనివ్వడు. వాలనిదే దాన్ని ఎలా సరిచేసుకోవాలో ఎక్కినవాళ్లకి తెలియదు. వదిలిన మరుక్షణం ఇద్దరికీ తెలిసొస్తుంది.

ముందు సీటుని బాగా కిందకి దింపండి. కూర్చుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాలి. తర్వాత పెడళ్లు రెండూ ఊడదీయండి. 15 నంబరు పానా ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక్క చిక్కుంది. కుడి పెడలు మామూలు మరే, ఎడమ పెడలుది మాత్రం ఎదురు మర. అన్ని బోల్టుల్లాగే విప్పబోతే అది ఇంకా బిగుసుకుంటుంది. తొక్కుతున్నకొద్దీ మర తనంతట తాను వదులైపోకుండా అలా పెట్టారు. ఈ సంగతి తెలియక పానా మీద నిలబడి గెంతిన మగధీరుల్ని చూశాను. షాపులో అయితే రెండు నిమిషాల పని. పెడళ్లు తీసేశాక మీ ముందు ఉన్నది ఆ 1817 నాటి డ్రైస్ బండే. చరిత్ర ఏ వరసలో నడిచిందో మనమూ అదే వరసలో నేర్చుకుందాం.

చోటు ముఖ్యం. గడ్డి మెత్తగా ఉంటుంది, పడినా దెబ్బ తగలదనుకుంటారు గానీ గడ్డిలో చక్రం దొర్లదు, మెల్లగా వెళ్లే సైకిలు మరింత ఊగుతుంది. గట్టిపడిన మట్టి నేల కావాలి. నూర్పులు అయిపోయిన కల్లం బాగుంటుంది. ఆదివారం బడి గ్రౌండు, చెరువు కింద ఎండిన మైదానం, ఇంకా ఇళ్లు లేవని లేఅవుట్లో వేసిన సిమెంటు రోడ్డు. రియల్ ఎస్టేటు వాళ్ల వల్ల మన ఊళ్లకి జరిగిన మేలు ఏదైనా ఉందంటే ఇదొక్కటే. కంటికి కనపడీ కనపడనంత వాలు ఉంటే ఇంకా మంచిది.

కదలకముందే రెండు బ్రేకులూ నొక్కి, ఏది ఏ చక్రానిదో చూసుకోండి. ముందుదొక్కటే గట్టిగా పట్టేస్తే మనిషి ముందుకి తూలుతుంది, రెండూ కలిపి మెల్లగా నొక్కాలి. మొదట సీటు మీద కూర్చుని ఊరికే నడవండి. తర్వాత అంగలు పెద్దవి చేయండి. ఒక తోపు తోసి, రెండు కాళ్లూ కాస్త పైకి ఎత్తి, దొర్లినంత దూరం దొర్లండి. చూపు ఎదర చెట్టు మీదో గోల్‌పోస్టు మీదో ఉండాలి. ఎడమకి వాలుతున్నట్టు అనిపిస్తే ఎడమకే హ్యాండిలు తిప్పండి, కుడికైతే కుడికి. ఇదే అసలు రహస్యం, ఇది బుద్ధికి అడ్డంగా ఉంటుంది. పడేవైపుకి తిప్పితే ఇంకా పడిపోతాం కదా అనిపిస్తుంది. కానీ సైకిలు వాలినవైపుకి చక్రం తిరిగితే, బండి వెళ్లి ఆ వాలుతున్న బరువు కిందకి చేరుకుంటుంది. అందుకే లేస్తుంది.

దీని మీద శాస్త్రవేత్తలు నూరేళ్లకు పైగా వాదించుకున్నారు. తిరిగే చక్రం బొంగరంలా నిలబెడుతుందని కొందరు, ముందు చక్రం నేలని తాకే చోటు హ్యాండిలు ఇరుసు కంటే వెనకగా ఉండటం వల్ల అని కొందరు. 2011లో నెదర్లాండ్స్, అమెరికా పరిశోధకులు కలిసి ఈ రెండు గుణాలూ లేకుండా ఒక బుల్లి సైకిలు చేసి తోసి వదిలారు. మనిషి లేకుండానే అది పడిపోకుండా పరిగెత్తింది. వాలినవైపుకి దానంతటది తిరుగుతోంది మరి. గట్టున కూర్చుని లెక్కలు వేసేవాళ్లకి ఇంకా కొన్ని ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. మనకి అక్కర్లేదు. చేతులు బిగబట్టకుండా హ్యాండిలుని వదులుగా పట్టుకుంటే, సగం పని సైకిలే చూసుకుంటుంది.

కాళ్లు నేలకి ఆనకుండా గ్రౌండు సగం దొర్లగలిగిన రోజున ఒక పెడలు బిగించండి, మర్నాడు రెండోది. అప్పటికి తొక్కడం పెద్ద విషయంలా అనిపించదు. ఎన్నాళ్లు పడుతుందని అడక్కండి. కొందరికి రెండు ఉదయాలు, కొందరికి రెండు వారాలు. పూటకి అరగంట చాలు. ఒళ్లు అలిసిపోయాక చేసేదంతా పడటమే. పెద్దవాళ్లు పడితే ముందు నేలకి ఆనించేది అరచెయ్యి, విరిగేది మణికట్టు. కాబట్టి చేతులకి పాత గ్లవ్స్ అయినా తొడుక్కోండి, తలకి హెల్మెట్ పెట్టుకోండి. గుండె, బీపీ మందులు వాడేవాళ్లు, తల తిరిగే లక్షణం ఉన్నవాళ్లు డాక్టరుని అడిగాకే మొదలుపెట్టాలి. షుగరు మందు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో రాకండి, ముందు బుట్టలో బెల్లం ముక్కో గ్లూకోజు పొట్లమో ఉంచుకోండి.

చీర సంగతి. చీరతో సైకిలు తొక్కరాదన్నది ఒట్టిమాట. చైను కవరు పూర్తిగా ఉండాలి, వెనక చక్రానికి వల ఉండాలి, కొంగు నడుముకి బిగించి పిన్ను పెట్టాలి. చుడీదారు వేసుకున్నవాళ్లకి ప్యాంటుతో బాధ లేదు గానీ చున్నీ ప్రమాదం. దాన్ని ముడి వేయండి, లేదా ఇంటి దగ్గర వదిలేయండి.

ఇక అన్నిటికంటే పెద్ద అడ్డంకి నలుగురు. ఆ ముసలాయన మంచివాడు కాబట్టి పెడళ్ల గురించి అడిగి పోయాడు. "ముసిలోల్లకి ముచ్చట్లు," "ఈ వయసులో కాలిరిగితే ఎవుడు సూత్తాడు?" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల నోరు మూయించడానికి మార్గం ఒక్కటే, ఒంటరిగా వెళ్లకపోవడం. ఒక్కరు నేర్చుకుంటుంటే ఊరంతా చూస్తుంది. అయిదుగురు కలిసి వెళ్తే అయిదుగురూ కలిసి ఊరిని చూస్తారు.

దీనికి మన పక్క రాష్ట్రంలోనే పెద్ద రుజువు ఉంది. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా. అక్కడ 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడిచింది, అరివొళి ఇయక్కం అని. షీలా రాణీ చుంకత్ అనే ఆవిడ అప్పుడు కలెక్టరు. చదువుతో పాటు ఆడవాళ్లు సైకిలు కూడా నేర్చుకోవాలని ఆవిడ పట్టుబట్టారు. చదువు చెప్పే కార్యకర్తలు ముందు నేర్చుకున్నారు, తర్వాత పొలం కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లు, అంగన్‌వాడీవాళ్లు, నర్సులు. ఆదివారాలు నేర్పే శిబిరాలు పెట్టారు. 1992 మహిళా దినోత్సవం నాడు 1,500 మందికి పైగా ఆడవాళ్లు సైకిళ్ల మీద పుదుక్కోట్టై పట్టణంలోకి వచ్చారు. మొత్తం మీద లక్షమందికి పైగా నేర్చుకున్నారని పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ రాశారు. మన తెలుగు కుటుంబంవారే, వి.వి. గిరి గారి మనవడు. ఆయన రాసినవాటిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆడవాళ్ల సైకిళ్లు షాపుల్లో అయిపోతే అక్కడివాళ్లు మగవాళ్ల సైకిళ్లే కొన్నారట. ఆడవాళ్ల సైకిళ్లు వచ్చాక కూడా కొందరు మగవాళ్ల సైకిలే కావాలన్నారట. ఎందుకంటే ఆ అడ్డ కమ్మీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు. మన అమ్మలకి అడ్డమైన కమ్మీ వాళ్లకి పిల్ల సీటు అయింది.

వాళ్లని ఎగతాళి చెయ్యలేదా అంటే, చేశారు. బూతు మాటలు కూడా విన్నారు. అయినా తొక్కారు, ఎందుకంటే వాళ్లకి సైకిలుతో పని ఉంది. కూరగాయలో మరొకటో అమ్ముకునే మనిషి బస్సు కోసం కాచుకోవడం తప్పింది. రోజుకి ఇంకో రెండు ఊళ్లు తిరగగలిగింది. ఇంటికి తొందరగా చేరి పిల్లల్ని చూసుకోగలిగింది.

మన రెండు జిల్లాల్లోనూ దూరాలు సరిగ్గా సైకిలుకి తగ్గవే. ఊరి నుంచి బస్సు ఆగే రోడ్డుకి రెండో మూడో కిలోమీటర్లు. ఉపాధి హామీ పని జరిగే చెరువు అంతే దూరం. పీహెచ్‌సీ, బ్యాంకు, వారపు సంత నాలుగైదు కిలోమీటర్లు. నడిస్తే గంట. ఆటో నిండితేగానీ కదలదు, నిండిందంటే మన కాళ్లు బయట ఉంటాయి. సైకిలు మీద నింపాదిగా వెళ్లినా పావుగంట, ఇరవై నిమిషాలు. లైసెన్సు అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు, పెట్రోలు ధర ఎంతైతే మనకేం. కొత్తది కొనుక్కునేవాళ్లకి ఇంకో మాట, సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. గేర్ల సైకిలు చూపించి అంటగట్టబోతారు. మన పల్లె దారులకి గేర్లు లేని మామూలు ఆడవాళ్ల సైకిలే మేలు. పాడైతే ఏ సందులోనైనా బాగుచేసేవాడు దొరుకుతాడు.

ఆరోగ్యం గురించి ఎక్కువ చెప్పను, అది చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. రోజూ బస్సు రోడ్డుకి వెళ్లొచ్చే మనిషికి ఆ లెక్క చూసుకోనక్కర్లేకుండానే దాదాపు సరిపోతుంది. మోకాళ్ల గురించి మాత్రం ఒక మాట. నేర్చుకునేటప్పుడు దింపిన సీటుని చాలామంది అలాగే ఉంచేస్తారు. మోకాళ్లు గడ్డానికి తగిలేలా తొక్కుతారు, నెల తిరిగేసరికి సైకిలు వల్లే మోకాళ్లు పోయాయంటారు. తొక్కడం వచ్చాక సీటు పైకి ఎత్తాలి. పెడలు అట్టడుగున ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాపుకోవాలి. ఆ ఎత్తు సరైనది.

రోడ్డెక్కాక చూసుకోవాల్సినవి మన ప్రాంతానికి ప్రత్యేకంగా కొన్ని ఉన్నాయి. కోతల రోజుల్లో చోళ్లు, ఉలవలు, మినుములు కంకులతో, కంపలతో సహా తారురోడ్డు మీద పరిచేస్తారు, వచ్చేపోయే బళ్లే నూర్చి పెడతాయని. లారీకి అది ఏమీ కాదు. సైకిలు చక్రం కింద ఆ గింజలు జారిపోతాయి. దాని మీద బ్రేకు వెయ్యకండి, హ్యాండిలు తిప్పకండి. దిగి నడిపించుకుంటే నామోషీ ఏమీ లేదు. దమ్ముల రోజుల్లో ట్రాక్టరు చక్రాల నుంచి రాలిన బురద కూడా అంతే. కుక్క తరిమితే వేగం పెంచాలనిపిస్తుంది. కొత్తవాళ్లు ఆగి దిగి, సైకిలుని తమకీ కుక్కకీ మధ్య పెట్టుకోవడం నయం. జాతీయ రహదారి పదహారు మీదికి సైకిలుతో పోవద్దు. అవతలి ఊరికి వెళ్లక తప్పకపోతే సర్వీసు రోడ్డు పట్టుకోండి. దాటాల్సిన చోట అండర్‌పాస్ ఎంత దూరమైనా అక్కడిదాకా వెళ్లి దాటండి. చీకటి పడితే వెనక ఎర్ర లైటు వెలగాలి, రేకు బిళ్ల మెరుస్తుందిలే అని నమ్ముకోకండి. ఎండాకాలం తొమ్మిదికల్లా ఇంట్లో ఉండాలి, సీసాతో నీళ్లు లేకుండా గడప దాటకూడదు.

పని మీద తొక్కేవాళ్లు ఎలాగూ తొక్కుతారు. పట్నంలో ఉండి, ఊరికే సరదాకి నేర్చుకున్నవాళ్లు ఎక్కడికి వెళ్లాలో చెప్పి ముగిస్తాను. విజయనగరం వాళ్లకి నెల్లిమర్ల మీదుగా చంపావతి దాటి రామతీర్థం దారి ఉంది. కొండలు కనపడుతూ ఉంటాయి గానీ ఎక్కాల్సిన పని ఉండదు. నెల్లిమర్ల దాకా ట్రాఫిక్కు ఉంటుంది, అందుకని తెల్లవారకముందే ఊరు దాటేయాలి. శ్రీకాకుళం వాళ్లకి అరసవల్లి మొదటి మజిలీ. ఊరికి ఆనుకునే ఉంది, కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగినా చాలు. కాళ్లలో ఇంకా బలం ఉందనుకుంటే శ్రీకూర్మం దాకా వెళ్లవచ్చు. సముద్రం వైపు వెళ్లే దారి కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి. అప్పటికి సముద్రపు గాలి ఇంకా లేవదు. గుడిలో తాబేళ్లని చూసి, ఇడ్లీ తిని, పొద్దెక్కాక వెనక్కి తిరిగితే అదే గాలి వీపు మీద తోస్తుంది. తలకిందులుగా చేసి మధ్యాహ్నం బయల్దేరినవాళ్లు దారంతా గాలితో కుస్తీ పట్టాలి. రథసప్తమి నాడు మాత్రం ఆ వైపు సైకిలు తియ్యకండి. ఆ రోజు అరసవల్లి దారిలో నడిచేవాళ్లకే చోటుండదు.